కుండలో దాగిన విషం: కర్రపెండలం, పచ్చి జొన్న మేత గురించి తెలుసుకుందాం



రాజులు రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలోని కరువు కాలపు సంగతి మనలో చాలామందికి తెలుసు. గిల్గాలులో ఎలీషా ప్రవక్త దగ్గరున్న శిష్యులకు వంట చేయాలి. ఒకాయన పొలంలోకి వెళ్ళి, ఎవరికీ గుణం తెలియని తీగ కాయలను ఒడి నిండా కోసుకొచ్చి, తరిగి కుండలో వేశాడు. తినడం మొదలుపెట్టాక అందరూ భయపడి కేకలు వేశారు. దేవుడు ఆ రోజు వారిని కాపాడాడు. సండే స్కూలులో ఈ సంగతి చెప్పేటప్పుడు మనం అద్భుతం గురించి ఎక్కువగా చెబుతాం. ఆసుపత్రిలో పనిచేసే మాకు అందులో ఇంకొక పాఠం కూడా కనిపిస్తుంది. ఆ కాయలు కోసినవాడు చెడ్డవాడు కాదు. ఆకలితో ఉన్నవారికి ఏదో ఒకటి వండిపెట్టాలనుకున్నవాడు. కరువులోనూ తొందరలోనూ మనిషి తెలియని వాటిని తింటాడు. తెలిసిన వాటిని కూడా సరిగా వండకుండా తింటాడు.

ఈ సంచికలో అలాంటి ఒక విషం గురించి చెప్పాలనుకుంటున్నాం. దాని పేరు సైనైడ్. ఆ మాట వినగానే పేపర్లో వచ్చే హత్య వార్తలు, బంగారు నగలకు మెరుగు పెట్టే పని గుర్తుకొస్తాయి. కానీ దేవుడు సృష్టించిన మొక్కల్లో రెండు వేలకు పైగా జాతులు ఈ విషాన్ని తమంతట తామే తయారు చేసుకోగలవు. వాటిలో కొన్ని మన వంటింట్లో ఉన్నాయి, మరికొన్ని మన పశువుల గాడిలో ఉన్నాయి. భయపడాల్సిన పని లేదు. ఈ విషాన్ని ఎలా తీసివేయాలో మన పెద్దలకు తెలుసు. ఆ పద్ధతిని మధ్యలో వదిలేసినప్పుడే ప్రమాదం వస్తుంది.

మొక్కలో విషం ఎలా ఉంటుంది?

మొక్కలో సైనైడ్ నేరుగా ఉండదు. ఒక రకం చక్కెరతో కలిసిపోయి, ఏ హానీ చేయని రూపంలో ఉంటుంది. కర్రపెండలంలో ఉన్న ఆ పదార్థాన్ని లినమారిన్ అంటారు. జొన్న మొక్కలో ఉన్నదాన్ని డురిన్ అంటారు. దీన్ని విడగొట్టే ఎంజైమ్ కూడా అదే మొక్కలో ఉంటుంది, కానీ వేరే అరలో ఉంటుంది. అగ్గిపుల్లను, అగ్గిపెట్టె గరుకు పక్కను వేరుగా ఉంచినట్టు రెండూ విడివిడిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. ఆకును పురుగు కొరికినా, పశువు నమిలినా, మనం గడ్డను తురిమినా ఆ అరలు చితికి రెండూ కలుస్తాయి. అప్పుడు సైనైడ్ ఆవిరి పుడుతుంది. పురుగుల నుంచి, మేసే జంతువుల నుంచి మొక్క తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటులోనే మనకు విరుగుడు కూడా ఉంది. సైనైడ్ ఆవిరి తేలికగా గాలిలో కలిసిపోతుంది, నీటిలో కరుగుతుంది. కాబట్టి గడ్డను తురిమి, నానబెట్టి, ఆ నీరు పారబోసి, ఎండబెడితే విషం చాలావరకు పోతుంది. దీనికి కావలసినవి నీరు, ఎండ, కొంత సమయం. వీటికి డబ్బు ఖర్చు లేదు, ఓపిక ఉంటే చాలు.

శరీరంలో ఏం చేస్తుంది?

మనం పీల్చిన ప్రాణవాయువును రక్తం ప్రతి కణానికీ మోసుకెళుతుంది. కణం దాన్ని వాడుకుని శక్తిని తయారు చేసుకుంటుంది. సైనైడ్ ఆ చివరి మెట్టు దగ్గర అడ్డం పడుతుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. గాదె నిండా బియ్యం ఉండి, పొయ్యి వెలగని ఇల్లు ఎలా ఉంటుందో శరీరం అలా అయిపోతుంది. అందుకే సైనైడ్ తగిలిన పశువు రక్తం నల్లబడదు, మొదట్లో ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. ముందుగా దెబ్బ తినేవి మెదడు, గుండె.

కొద్దిపాటి సైనైడ్ ఒంట్లోకి వెళితే దాన్ని హానిలేని పదార్థంగా మార్చి మూత్రం ద్వారా బయటికి పంపే శక్తిని దేవుడు మన కాలేయానికి ఇచ్చాడు. కానీ ఆ పనికి గంధకం కావాలి. అది మనకు మాంసకృత్తుల నుంచి, అంటే గుడ్డు, చేప, పాలు, పప్పుల నుంచి వస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బాగా తిని బలంగా ఉన్నవారికి ఏమీ చేయని మోతాదు, గంజితో కడుపు నింపుకునే బిడ్డకు హాని చేయగలదు.

ప్రాణం తీసే మోతాదు మనిషి ఒంటి బరువులో కిలోకు సుమారు అర మిల్లీగ్రాము నుంచి మూడున్నర మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. 50 కిలోల పెద్దవారికి అది 25 నుంచి 175 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 5 నుంచి 35 మిల్లీగ్రాములే. ఒకే పళ్ళెంలో తిన్నా ముందు పడిపోయేది చిన్నవాళ్ళే.

కర్రపెండలం: కరువును గట్టెక్కించిన గడ్డ

కర్రపెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఈరోజు ఆఫ్రికా, ఆసియా ఖండాల్లో కోట్లాదిమందికి అదే అన్నం. నీరు తక్కువైనా, నేల సారం లేకున్నా పండుతుంది. కేరళలో తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్ 1880లలో దీని సాగును ప్రోత్సహించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో బర్మా నుంచి బియ్యం రావడం ఆగిపోయినప్పుడు అక్కడి పేదల ప్రాణాలు నిలబెట్టిన తిండి ఇదే. మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసే కేరళ సిస్టర్లు దీన్ని 'కప్ప' అంటారు. ఈరోజు హాస్టల్లో కప్ప, చేపల కూర అని వారు సంతోషంగా చెబితే కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు ముఖముఖాలు చూసుకుంటారు!

మన రాష్ట్రంలో సామర్లకోట, పెద్దాపురం పరిసరాల్లో ఈ గడ్డ నుంచే సగ్గుబియ్యం తయారవుతుంది. సగ్గుబియ్యం జావ రోగులకు ఇవ్వవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నిస్సందేహంగా ఇవ్వవచ్చు. గడ్డ తొక్క తీసి, నూరి, నీటితో కడిగి, పాలు పేర్చి, అడుగున దిగిన పిండిని పూసలుగా చేసి వేడి మీద ఆరబెడతారు. ఇన్ని దశల్లో విషం దాదాపు అంతా పోతుంది. అయితే ఒక మాట. సగ్గుబియ్యంలో పిండి పదార్థం తప్ప మాంసకృత్తులు దాదాపు లేవు. జ్వరం తగ్గేవరకు జావ మంచిదే కాని, తగ్గాక బిడ్డకు పప్పు, గుడ్డు, పాలు మళ్ళీ మొదలుపెట్టాలి.

గడ్డల్లో తీపి రకాలు, చేదు రకాలు ఉన్నాయి. పచ్చి గడ్డ కిలోకు 50 మిల్లీగ్రాముల లోపు సైనైడ్ ఇచ్చే రకాలను తీపి రకాలుగా లెక్కిస్తారు. చేదు రకాల్లో అది కొన్ని వందల మిల్లీగ్రాముల దాకా పోతుంది. తినే కర్రపెండలం పిండిలో కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం. వర్షాలు లేని సంవత్సరం అదే చేనులో, అదే రకంలో విషం పెరుగుతుంది. నిరుడు ఏమీ కాలేదు కదా అనే ధీమా ఈ ఏడు పనికిరాదు. చేదు తగిలితే ఉమ్మేయడం మంచిదే, కానీ చేదు లేనంత మాత్రాన విషం లేదని నమ్మడానికి వీల్లేదు.

కట్టేసిన కాళ్ళు

తొందర ఎంత పని చేస్తుందో ఆఫ్రికా అనుభవం చెబుతుంది. కాంగో దేశంలో కొంజో అనే జబ్బు ఉంది. అక్కడి యాకా భాషలో ఆ మాటకు కాళ్ళు కట్టేసినట్టు కావడం అని భావం. 1938లో ట్రోలీ అనే వైద్యుడు దీన్ని గురించి రాశారు. నిన్నటిదాకా పొలం పని చేసిన తల్లి, బడికి వెళ్ళిన పిల్లవాడు ఉన్నట్టుండి నడవలేకపోతారు. రెండు కాళ్ళూ బిగుసుకుపోతాయి. కొందరు కత్తెరలా కాళ్ళు అడ్డం పడుతూ కర్రల సాయంతో నడుస్తారు, కొందరు పాకుతారు. జబ్బు ఆ తరువాత ముదరదు, కానీ నయం కూడా కాదు. ఆ కాళ్ళు జీవితాంతం అంతే.

1981లో మొజాంబిక్ దేశపు ఉత్తర భాగంలోని నంపులా రాష్ట్రంలో పెద్ద కరువు వచ్చింది. మిగతా పంటలన్నీ ఎండిపోయాయి, చేదు కర్రపెండలం ఒక్కటే మిగిలింది. మామూలుగా అక్కడి ఆడవారు గడ్డను వారాల తరబడి ఎండబెట్టి పిండి కొట్టేవారు. ఆ ఏడు పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే అన్ని రోజులు ఆగలేకపోయారు. ఆ ఒక్క ప్రాంతంలో వెయ్యిమందికి పైగా కాళ్ళు పడిపోయాయి. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలే. అప్పట్లో అక్కడ జిల్లా వైద్యుడిగా పనిచేస్తున్న స్వీడన్ డాక్టరు హాన్స్ రోస్లింగ్, తోటి వైద్యులతో కలిసి పరిశోధన చేశారు. మొదట ఇదేదో అంటువ్యాధి అనుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, సరిగా సిద్ధం చేయని గడ్డ ఒకవైపు, మాంసకృత్తులు లేని తిండి మరొకవైపు, ఈ రెండూ కలిసి వారాల తరబడి సాగడమే కారణం.

ఇంకా ఇటీవలి సంగతి. 2017 సెప్టెంబరులో ఉగాండా దేశపు కసేసె జిల్లాలో ఒక చోట అంత్యక్రియలకు వచ్చినవారు కర్రపెండలం పిండితో చేసిన ముద్ద తిని వాంతులు, విరేచనాలు, కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరారు. ఆ జిల్లాలో మొత్తం 98 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు చనిపోయారు. పిండిని పరీక్షిస్తే సైనైడ్ ఉండవలసిన దానికంటే అనేక రెట్లు ఎక్కువ ఉంది.

దీనికి మందు బిళ్ళలు కాదు, ఒక చిన్న పద్ధతే సమాధానమైంది. ఆస్ట్రేలియాకు చెందిన శాస్త్రవేత్త హోవార్డ్ బ్రాడ్‌బరీ దీన్ని రూపొందించారు. కర్రపెండలం పిండిని నీటితో తడిపి, చాప మీద ఒక సెంటీమీటరు మించని పొరగా పరిచి, ఎండలో రెండు గంటలు లేదా నీడలో ఐదు గంటలు ఉంచుతారు. సైనైడ్ ఆవిరై గాలిలోకి పోతుంది. ఆ పిండిని అదే రోజు వండుకుంటారు. కాంగోలోని పోపోకబాకా ప్రాంతంలో ఒక గ్రామంలోని ఆడవారికి ఈ పద్ధతి నేర్పించి, వారు దాన్ని పాటించినంతకాలం గమనిస్తే కొత్తగా కొంజో ఎవరికీ రాలేదు.

ఇంకొక నష్టం కూడా ఉంది. సైనైడ్‌ను శరీరం మార్చినప్పుడు వచ్చే పదార్థం, థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. అయోడిన్ తక్కువైన చోట రోజూ ఈ గడ్డే తినేవారికి గొంతు వాపు వస్తుంది. అయోడిన్ ఉప్పు వాడడం మానవద్దని మేము చెప్పడానికి ఇదొక కారణం.

మన వంటింట్లో ఏం చేయాలి?

1. గడ్డ పై తొక్క, లోపలి తెల్లని దళసరి పొర రెండూ తీసేయండి. విషం అక్కడే ఎక్కువ.
2. చిన్న ముక్కలుగా కోయండి. పెద్ద దుంపలుగా ఉడికిస్తే లోపలి విషం బయటికి రాదు.
3. ముక్కలు మునిగి ఇంకా పైన నిలిచేలా ఎక్కువ నీరు పోసి, మూత తీసి ఉడికించి, ఆ నీరు పారబోయండి. ఆ నీటితో పులుసు, చారు చేయవద్దు. పశువులకూ పోయవద్దు.
4. పచ్చి గడ్డను ఎప్పుడూ తినవద్దు. పిల్లలు చేలో పీకి కొరుకుతారు, చెప్పి ఉంచండి.
5. పచ్చి ముక్కలను నేరుగా నూనెలో వేయించడం, నిప్పుల మీద కాల్చడం వల్ల విషం పూర్తిగా పోదు. ముందు ఉడికించి నీరు వంచి, తరువాత వేయించుకోండి.
6. ఎక్కడి నుంచో తెచ్చిన, రకం తెలియని గడ్డను తినడానికి వాడవద్దు. సగ్గుబియ్యం మిల్లుకు పండించే రకాలు అన్నీ వంటకు పనికిరావు.
7. కర్రపెండలం తిన్న పూట పప్పో, చేపో, గుడ్డో తప్పకుండా ఉండేలా చూసుకోండి. కేరళవారు చేపల కూరతో తినడం రుచి కోసమే అయినా, ఒంటికి కూడా అదే మేలు.

జొన్న రొట్టె తినవచ్చా?

చక్కెర జబ్బు ఉన్నవారు, జొన్న రొట్టె అలవాటున్న కుటుంబాలు పై మాటలు చదివి కంగారు పడవద్దు. జొన్న గింజలో ఈ విషం లెక్కలోకి రానంత తక్కువ. రొట్టె, సంకటి, గటక నిశ్చింతగా తినండి. విషం ఉండేది లేత ఆకులో, మొలకలో.

అయితే ఈ మధ్య ఆరోగ్యం కోసమని అన్ని రకాల గింజలనూ మొలకలు కట్టి పచ్చివే తినే అలవాటు పెరిగింది. పెసలు, శనగలు, రాగులు మొలకెత్తించుకోండి. జొన్న మొలకలు మాత్రం పచ్చివి తినవద్దు. గింజ మొలకెత్తే కొద్దీ ఆ లేత మొలకలో, వేరులో డురిన్ బాగా పెరుగుతుంది.

పశువులకు నాము తగిలితే

మన సంఘాల్లో చాలా కుటుంబాలకు గేదె అంటే బ్యాంకు పుస్తకం లాంటిది. పొదుపు సంఘం నుంచి అప్పు తెచ్చి కొన్న పాడి పశువు ఒక్క సాయంత్రంలో చచ్చిపోతే, ఆ అప్పు మాత్రం చావదు. బిడ్డ ఫీజు ఆగుతుంది, తల్లి మందులు ఆగుతాయి. ఆసుపత్రి పత్రికలో పశువుల మేత గురించి ఎందుకు అనేవారికి మా సమాధానం ఇదే.

పచ్చి జొన్న మేసి పశువు పడిపోవడాన్ని మన రైతులు నాము తగలడం అంటారు. ఎవరో దిష్టి పెట్టారనో, పాము కరిచిందనో కొందరు అనుకుంటారు. అది సైనైడ్ పనే.

నెమరువేసే పశువుల పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు డురిన్‌ను చకచకా విడగొడతాయి. అందుకే ఆవు, గేదె, మేక, గొర్రెలకు ఈ విషం త్వరగా ఎక్కుతుంది. ఒంటి బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములు ఒక్కసారిగా ఎక్కితే చావే. లెక్క చూడండి. 300 కిలోల ఆవుకు 600 మిల్లీగ్రాములు. కిలోకు 200 మిల్లీగ్రాముల విషం ఉన్న లేత జొన్న మూడు కిలోలు మేస్తే చాలు. ఆకలిగా ఉన్న పశువు అంత మేయడానికి ఎంతసేపు పడుతుంది?

ఎప్పుడు ప్రమాదం ఎక్కువ?

– పైరు లేతగా, మోకాలెత్తు కూడా లేనప్పుడు.
– బెట్టకు వాడిపోయి, ముడుచుకుపోయినప్పుడు.
– బెట్ట తరువాత వాన పడి కొత్త పిలకలు వేసినప్పుడు. పచ్చగా నవనవలాడుతుంది, పశువు ఆశగా పరుగెత్తుతుంది. అదే అన్నిటికన్నా ప్రమాదం.
– కోత అయిన తరువాత మోళ్ళకు వచ్చే పిలకల్లో.
– యూరియా ఎక్కువగా వేసిన చేలో.

జాగ్రత్తలు ఇవి. జొన్న పూతకు వచ్చాకే పచ్చిమేతగా కోయండి. ఆకలితో ఉన్న పశువును జొన్న చేలోకి తోలవద్దు, ముందు వరిగడ్డి గాని ఎండు చొప్ప గాని వేయండి. కొత్త మేతను కొద్దికొద్దిగా, ఇతర మేతతో కలిపి అలవాటు చేయండి. కోసిన మేతను బాగా ఎండబెట్టినా, పాతర వేసినా విషం తగ్గుతుంది. సగం వాడిన మేత మాత్రం నమ్మదగింది కాదు. కర్రపెండలం ఆకులు, పచ్చి తొక్కలు మేకలకు, పశువులకు వేయవద్దు. మేకలు కాసే పిల్లలకు ఈ చేల గురించి ముందే చెప్పండి. కర్ర చేతికిచ్చి పంపితే చాలదు, ఎటు పోనివ్వకూడదో కూడా తెలియాలి.

లక్షణాలు మేసిన కొద్ది నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల్లో కనిపిస్తాయి. ఎగశ్వాస, నోటి నుంచి నురగ, కడుపు ఉబ్బడం, కాళ్ళు తడబడడం, కండరాలు వణకడం, తరువాత పడిపోయి కాళ్ళు కొట్టుకోవడం. కనురెప్ప లోపల, చిగుళ్ళ మీద చూస్తే ఎర్రగా మెరుస్తుంది.

అప్పుడు చేయవలసినది ఒక్కటే. పశువును చేను నుంచి బయటికి తెచ్చి, వెంటనే పశువుల డాక్టరుకు గాని 1962 నంబరుకు గాని ఫోన్ చేయండి. జొన్న మేసిందని స్పష్టంగా చెప్పండి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అనే విరుగుడు మందులు సమయానికి నరానికి ఎక్కిస్తే పశువు లేచి నిలబడే అవకాశం ఉంది. ఆ మోతాదు డాక్టరే నిర్ణయించాలి. పడిపోయి కొట్టుకుంటున్న పశువు నోట్లో బెల్లం నీళ్ళు, మజ్జిగ, నూనె పోయవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి చావును తొందర చేస్తాయి. చనిపోయిన పశువు మాంసం తినకండి, కుక్కలకు వేయకండి, లోతుగా పూడ్చిపెట్టండి.

'విటమిన్ బి17' మాటలు నమ్మవద్దు

ఇది రాస్తున్నప్పుడు మా మనసులో ఎక్కువగా ఉన్నది ఈ విషయమే. క్యాన్సర్ రోగుల బంధువులు వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లు చూపించి, ఆప్రికాట్ పప్పు తింటే క్యాన్సర్ తగ్గుతుందట, అది విటమిన్ బి17 అట, తెప్పించమంటారా అని అడుగుతుంటారు.

బి17 అనే విటమిన్ లేదు. ఆప్రికాట్ గింజ లోపలి పప్పులో, చేదు బాదంలో ఉండేది అమిగ్డలిన్. అదీ సైనైడ్ ఇచ్చే పదార్థమే. దాని నుంచి చేసిన మందును లేట్రైల్ అనే పేరుతో ఒకప్పుడు అమెరికాలో విపరీతంగా ప్రచారం చేశారు. మేయో క్లినిక్, మరికొన్ని క్యాన్సర్ కేంద్రాలు 178 మంది రోగులకు ఇచ్చి చూసి, 1982లో ఫలితాలు ప్రకటించాయి. దానివల్ల క్యాన్సర్ తగ్గలేదు, ఆయుష్షు పెరగలేదు. కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదకరమైన స్థాయికి చేరింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో చెప్పినదాని ప్రకారం చిన్నవైతే మూడు పచ్చి ఆప్రికాట్ పప్పుల కంటే ఎక్కువ ఒకేసారి తింటే పెద్దవారికే హద్దు దాటుతుంది. పసిపిల్లలకు ఒక్క చిన్న పప్పే ఎక్కువ.

జబ్బుతో పోరాడుతున్న కుటుంబం ఏ ఆశ దొరికినా పట్టుకుంటుంది. అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. కానీ ఆ పప్పు కోసం కీమోథెరపీ మధ్యలో ఆపేయడం ప్రాణానికి రెండింతల నష్టం. ఎవరైనా అలాంటిది తీసుకుంటుంటే దాచకుండా మాకు చెప్పండి. ఎవరూ కోప్పడరు. చెబితేనే మీ మందులతో జతచేసి చూసుకోగలం.

మీరు అడిగే చిన్న ప్రశ్నలు

అవిసె గింజలు తినవచ్చా? రోజుకు ఒకటి రెండు చెంచాలు, వేయించుకుని తినవచ్చు. గుప్పెళ్ళ కొద్దీ పచ్చివి వద్దు.

బాదం పప్పు? దుకాణంలో దొరికే తియ్య బాదం తినండి. ఎప్పుడైనా ఒకటి చేదుగా తగిలితే ఉమ్మేయండి.

ఆపిల్ గింజ పొరపాటున మింగితే? నమలకుండా మింగిన గింజ అలాగే బయటికి పోతుంది. కంగారు వద్దు.

వెదురు కొమ్ములు? ఏజెన్సీ ప్రాంతాల్లో ఇష్టంగా వండుకుంటారు. సన్నగా తరిగి, నానబెట్టి, నీటిలో బాగా ఉడికించి ఆ నీరు పారబోసే అక్కడి అలవాటు సరైనదే. దాన్ని తగ్గించవద్దు.

మనిషికి విషం తగిలిందని అనుమానం వస్తే

కర్రపెండలం గాని, పైన చెప్పిన గింజలు గాని తిన్న తరువాత తలనొప్పి, తల తిరగడం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత, ఫిట్స్ కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఒకే వంట తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అనుమానం ఇంకా గట్టిపడాలి.

వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయకండి, వేళ్ళు పెట్టి వాంతి చేయించకండి. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు అనేది గుర్తుపెట్టుకుని చెప్పండి. మిగిలిన వంటను, పచ్చి గడ్డ ముక్కను ఒక కవరులో వేసి తీసుకురండి. దానితో డాక్టరుకు సగం దారి తెలిసిపోతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, అవసరమైతే విరుగుడు ఇంజెక్షన్లు ఇస్తారు. త్వరగా వచ్చినవారు కోలుకుంటారు. అదే వంట తిని బాగానే ఉన్నామనుకునే పిల్లలను కూడా వెంట తీసుకురండి.

ఈ పేజీని మడిచి బైబిల్లో దాచుకోకుండా, స్త్రీల సమాజంలో ఒకసారి చదివి వినిపించండి. చదువురాని తల్లులకు, మేకలు కాసే పిల్లలకు, పాడి పశువులున్న ఇళ్ళకు ఇది చేరాలి. కోత పండుగకు కర్రపెండలం తెచ్చే కుటుంబాలు ఏ రకమో, ఎలా వండుకోవాలో పక్కవారికి చెప్పి ఇవ్వండి. ఆకలి వేసిన ఇంటికి గడ్డ ఇవ్వడంతో పాటు, దాన్ని నానబెట్టి, నీరు వంచే ఓపికను కూడా నేర్పితే ఆ దానం పూర్తవుతుంది.

మన పొలాలను, పశువులను, మన పిల్లల పళ్ళేలను ప్రభువు కాపాడును గాక.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున